సగం మీరు

పెట్టారు, అనాలి. అనేశాను. నోట్లోంచి ఊడిపడింది, ఊడిపడక ఏం చేస్తుంది, ముప్ఫై ఏళ్ళు ఎర్రసిరాలో నానిన నోరాయె. పిల్ల మేడమీంచి ఏమని అరిచింది? "స్లావ్కా గారూ, మీరు నా టార్చి ఎక్కడ పెట్టావు?" అని అరిచింది. మీరు, పెట్టావు. పోయిన అక్టోబరు నుంచి ఈ ఇంట్లో మీరు, మీకు, మీతో, దయచేసి తప్ప ఇంకో మాట పలకని పిల్ల, ప్రయాణం హడావుడిలో ఒళ్ళు మరిచిపోయి, వాక్యం మొదలు వీధిలో వదిలేసి చివర మాత్రం వంటింట్లోకి తెచ్చేసింది. మా స్లోవేనియాలో అందరూ చేసే తప్పే ఇది. బజార్లో చేస్తారు, బస్సులో చేస్తారు, మర్యాద మొదలుపెట్టి మధ్యలోనే అలిసిపోతారు. దానికి మా వ్యాకరణంలో ఒక పేరు కూడా ఉంది, సగం మీరు అని. బళ్ళో పిల్లలు రాస్తే కింద గీత గీసేదాన్ని. ఇవాళా గీశాను, ఒక చేతిలో బూటు, ఇంకో చేతిలో గ్రీజు గుడ్డ పట్టుకుని, తల మేడమెట్ల వైపు ఎత్తి, "పెట్టారు అనాలి బ్రీనా, మీరు అన్నాక పెట్టారు" అని. తర్వాత చిన్న గొంతుతో, "ఎక్కడ పెట్టారు, స్లావ్కా గారూ?" అంది. బ్యాగు పైజేబులో ఉందన్నాను. "థాంక్సండీ" అంది. తలుపేసుకుంది. నా బుద్ధి గడ్డి తిన్నట్టుంది, ఇంకేం లేదు.

గ్రీజు ఆరకముందే రెండో పూత వేయాలి, కుట్ల దగ్గర దట్టంగా, మడమ దగ్గర పల్చగా. నాలుగింటికి లోవ్రో వ్యాను వస్తుంది. కొండసంఘం కుర్రకారునంతా పోగేసుకుని వారంపాటు ఒక సత్రం నుంచి ఇంకో సత్రానికి నడిపించుకుపోతాడు, చెరువుల లోయ మీంచి మా కొండలన్నిటిలోకీ ఎత్తైన త్రిగ్లావ్ శిఖరం దాకా. మొదటిసారి శిఖరం ఎక్కినవాళ్ళకి పైన తాడుతో పిర్ర మీద ఒకటిచ్చుకుంటారు, అది తగిలితేగానీ మా దేశంలో మనిషి కింద జమ కాదు. నాకు పన్నెండో ఏట తగిలింది, ఇప్పటికీ చురుక్కుమంటుంది తలుచుకుంటే. శనివారం దింపుతాడు పిల్లల్ని. సోమవారం హ్రీబర్ గారు వస్తారు. ఆవిడ పిల్లల సంక్షేమం ఆఫీసులో పనిచేస్తారు, బ్రీనాని నా దగ్గర పెట్టింది ఆవిడే. తల్లికి మనసు బాగుండదు, ఆసుపత్రికీ ఇంటికీ మధ్య తిరుగుతూ ఉంటుంది, పిల్లని చూసుకునే ఓపిక లేదు పాపం. ఇప్పుడు మారిబోర్‌లో పిన్ని ఒకావిడ కొత్తగా ముందుకొచ్చింది, నేను ఉంచుకుంటానంటోంది. పదిహేను నిండిన పిల్ల కాబట్టి పిల్లనే అడుగుతారట, ఇక్కడుంటావా, పిన్ని దగ్గరికెళ్తావా అని. సోమవారం, మా వంటింటి బల్ల దగ్గరే. నేను కాఫీ పెట్టి ఇచ్చి బయటికి పోవాలి, పిల్ల మొహమాటపడకుండా. వెళ్తానంటుంది, ఎందుకనదు, సొంత పిన్ని. మారిబోర్‌లో సినిమా హాళ్ళున్నాయి, ట్రామో ఏదో... లేదు, ట్రామ్ లేదు అక్కడ, ఉన్నా లేకపోయినా కనీసం వాక్యం చివర దిద్దే ముసలమ్మ లేదు. పెళ్ళి మానేసి, పిల్లల్ని కనడం మానేసి, ఊళ్ళో పిల్లలందరి ముక్కులూ తుడిచి ఇంటికొచ్చి తలుపేసుకుని హాయిగా ఉన్నదాన్ని. ఇప్పుడు నాకు ఈ పిల్ల కావాలి. అంతే. ఎవరడిగినా అదే చెప్తాను, ఎవరూ అడగరు కాబట్టి బూటుకి చెప్తున్నాను.

ఈ బూట్లు. జూన్‌లో తొడిగించి, కొత్త తోలు మెత్తబడాలి కదా అని ఎదురుకొండ ఎక్కించాను. పొద్దున్నే బయల్దేరాం, ముందు నేను, వెనక తను, దారిపొడుగునా ఏం మాట్లాడాం, పూల పేర్లు చెప్పినట్టున్నాను, నాకు వేరే ఏం వచ్చు. పైకెళ్ళి కూర్చుని, రొట్టె తిని, దిగి ఇంటికొచ్చాక చూస్తే మేజోడు మడమ దగ్గర ఎర్రగా తడిసి ఉంది. పొక్కు చితికి చర్మం లేచిపోయింది, ఆ కాలితోనే కొండంతా ఎక్కి దిగింది మహాతల్లి. "ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను, నిజంగానే అరిచాను, గిన్నెలో వేడినీళ్ళు పోస్తూ. "మీరు కష్టపడి తెచ్చిన బూట్లు కదండీ" అంది. పొక్కొస్తే ఏడవాలి, తిట్టాలి, ఈ దిక్కుమాలిన బూట్లు ఎవరు తెమ్మన్నారు అనాలి, విసిరికొట్టాలి, నాకు తెలిసిన పిల్లలందరూ అలాగే చేస్తారు. చుట్టాలింటికొచ్చిన మనిషి మాత్రమే పొక్కు దాచుకుంటుంది. ఫ్రిజ్ ముందు నిలబడి పాలు తాగొచ్చా అని అడిగేది చుట్టమే. పొద్దున్న లేవగానే దుప్పటి నాలుగు మడతలు పెట్టి మంచం చివర ఉంచేది చుట్టమే, ఇవాళో రేపో పోయేవాళ్ళలాగా. నేను వెళ్ళి విప్పి పరిచి వస్తాను, తను మళ్ళీ మడతపెడుతుంది. అలా జరిగిపోతోంది మా కాపురం.

నాదీ తక్కువేం లేదు. మొదటిరోజు హ్రీబర్ గారి కారు దిగింది, సన్నగా, టోపీ కళ్ళమీదికి లాక్కుని, సంచీ గుండెలకి అదుముకుని. ముప్ఫైమంది బడిపిల్లల ముందు నిలబడితే చెమట పట్టనిదాన్ని ఒక్క పిల్ల ముందు వణికాను. వణికి ఏమన్నాను? "రండి, లోపలికి రండి, మీరు కూర్చోండి" అన్నాను. పధ్నాలుగేళ్ళ పిల్లని! హ్రీబర్ గారు నావైపు అదోలా చూశారు. పిల్ల వెనక్కి తిరిగి చూసుకుంది, ఇంకెవరైనా పెద్దవాళ్ళొచ్చారేమో అని. తర్వాత నువ్వు అందామంటే నోరు రాలేదు, మీరు అందామంటే సిగ్గేసింది. అప్పట్నుంచీ నేను ఈ పిల్లతో కర్త లేని వాక్యాల్లో బతుకుతున్నాను. అన్నం తినాలి. బస్సుకి టైమవుతోంది. ఆ స్వెటర్ ఉతకాలేమో. వ్యాకరణం టీచరుని, నువ్వూ లేకుండా మీరూ లేకుండా ఏడాదిపొడుగునా మాట్లాడటం ఎలాగో ఒక పుస్తకం రాయొచ్చు నేను. హ్రీబర్ గారేమో వెళ్తూ వెళ్తూ చెప్పారు, "తొందరపెట్టకండి స్లావ్కా గారూ, చనువు తనంతట తను తీసుకోవాలి, మీరు మీదపడితే బెదిరిపోతుంది" అని. సరే అన్నాను. మీదపడలేదు. బెదిరిన పిట్ట దానంతటది గింజల దగ్గరికి వస్తుందని చేతులు కట్టుకు కూర్చున్నాను. ఇవాళ సగం వచ్చింది, నేను ఉస్సు అన్నాను.

అసలు మీరు అంటే నాకెందుకింత బాధ, మా అమ్మని నేను మీరు అనే అన్నాను కదా. ఈ ఎగువ ఊళ్ళలో మా తరం దాకా అంతే, అమ్మనీ నాన్ననీ మీరు అనాలి. అమ్మా మీరు తిన్నారా, అమ్మా మీ కాళ్ళకి మేజోళ్ళు తొడగనా. రాజధాని లుబ్లానా నుంచి వచ్చిన మా పెద్దనాన్న పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు, మీ ఇంట్లో అమ్మ కాదు, జడ్జీ ఉంది అని. అందులో చలి లేదని వాళ్ళకేం తెలుసు. చివర్లో, మంచంలో, అమ్మ నన్ను గుర్తుపట్టనప్పుడు కూడా, "అమ్మా, మీరు పడుకోండి, నేనిక్కడే ఉన్నాను" అంటే గొంతు గుర్తుపట్టి చెయ్యి చాపేది. ఆ మీరు పొయ్యి పక్కన కూర్చోబెట్టిన మీరు. బ్రీనా మీరు వేరు, గుమ్మం బయట బూట్లు విప్పకుండా నిలబడ్డ మీరు. ఒకే మాట ఇంత దూరం పోతుందని బళ్ళో ఏ పిల్లకీ చెప్పలేదు నేను. ఏకవచనం, ద్వివచనం, బహువచనం అని గోడమీద పటం వేలాడదీశాను. మా భాషలో ఇద్దరికని వేరే వచనం ఉంది, ఇద్దరం అంటే ఇద్దరమే, గుంపు కాదు, ప్రపంచంలో చాలామందికి లేదది అని ఛాతీ విరుచుకుని చెప్పేదాన్ని. ఇంట్లో ఇద్దరం ఉండి అది కూడా వాడుకోలేకపోతున్నాం.

పైన డ్రాయరు లాగిన చప్పుడు, మూసిన చప్పుడు. అడుగుల చప్పుడు లేదు. ఈ పిల్ల నడిచినా నేల ఏమనుకుంటుందో అన్నట్టు నడుస్తుంది. ఏడుస్తోందా? వెళ్ళి చూడనా? వెళ్ళి ఏమంటాను, క్షమించాలి అంటానా, కర్త లేకుండా. ముందు లేసులు ఎక్కించాలి. నిన్న సాయంత్రం బ్యాగు సర్దడం దగ్గర బాగానే నవ్వింది. లోవ్రో వచ్చాడు, బ్యాగులు తనిఖీ చేయడానికి ఇంటింటికీ తిరుగుతూ. లోవ్రో నా దగ్గర చదువుకున్నవాడే, ఇప్పుడు గడ్డం నెరుస్తోంది, కొండమీద మా ఇంటికి కాస్త ఎగువన ఉంటుంది వాళ్ళ ఇల్లు. బ్రీనా బ్యాగు ఒంటిచేత్తో ఎత్తబోయి ఎత్తలేక కిందపెట్టి, "టీచర్ గారూ, పిల్ల కొండెక్కడానికి వెళ్తోందా, కాపురానికి వెళ్తోందా?" అన్నాడు. నేను పెట్టినవన్నీ ఒక్కొక్కటే తీసి బల్లమీద పెట్టాడు. ప్లమ్ జామ్ సీసా. ఇంకో ప్లమ్ జామ్ సీసా. ఉన్ని దుప్పటి. "సత్రంలో దుప్పట్లుంటాయండీ. ఇదేంటి, గొడుగా? గొడుగు పట్టుకుని త్రిగ్లావ్ ఎక్కుతుందా?" బ్రీనా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, భుజాలు ఊగుతున్నాయి. "నవ్వుకో అమ్మాయ్, నాకు కూడా పెట్టారు చిన్నప్పుడు గొడుగు, మీ టీచర్ గారు, బడి యాత్రకి. పిడుగు నన్ను వెతుక్కుంటూ వచ్చేది కొంచెం ఉంటే." అబద్ధాలకోరు, వాడికి నేను పెట్టింది వానకోటు. అయినా కొట్టిపారేయలేదు నేను, పిల్ల నవ్వుతోంది కదా అని గొడుగు ఒప్పేసుకున్నాను. అక్రోట్లు చుట్టిన రొట్టె మాత్రం తీయనివ్వలేదు. వాడూ తీయలేదు, వాడికీ తెలుసు అందులో వాటా వస్తుందని.

తర్వాత చెప్పాడు పైన పద్ధతులు. రాత్రి దీపాలార్పాక గుసగుసలు లేవు, నీళ్ళు దుబారా లేవు, ముందు నడిచేవాడు రాయి దొర్లిస్తే గట్టిగా అరవాలి. "ఇంకోటి. వెయ్యి మీటర్లు దాటాక అందరూ నువ్వే. నేనూ నువ్వే, సత్రం వంటావిడా నువ్వే, దారిలో మంత్రి కనబడినా నువ్వే. పైన ఎవరైనా మీరు అంటే అందరికీ టీ పోయించాలి." ఈ ఆచారం మా కొండలంతటా ఉంది, ఎవరు పెట్టారో తెలీదు, మర్యాద కూడా బరువేనని కింద వదిలేసి ఎక్కుతారేమో. మా ఇల్లు వెయ్యికి కాస్త కింద. లోవ్రో వాళ్ళ గొడ్లచావిడి వెయ్యికి కాస్త పైన. అందుకని వీడు మా గేటు దగ్గర చేతులు కట్టుకుని టీచర్ గారూ నమస్కారమండీ అంటాడు, పాలకోసం నేను చావిడికెళ్తే "ఏం స్లావ్కా, మోకాళ్ళెలా ఉన్నాయి నీకు?" అంటాడు, ఆవు పక్కనుంచి తల కూడా ఎత్తకుండా. అది చెప్తే బ్రీనా మళ్ళీ నవ్వింది. నవ్వి, మేజోళ్ళు ఉండ చుడుతూ, "మరి కిందికి దిగాక?" అంది. లోవ్రో, "దిగాక మామూలే. పెద్దవాళ్ళు చెయ్యి చాపి, తమ పేరు చెప్పి, నన్ను నువ్వు అను అని ఆ చనువు ఇవ్వాలి. చిన్నవాళ్ళు తమంతట తాము తీసేసుకుంటే పొగరంటారు. అంతే కదా టీచర్ గారూ, ఐదో క్లాసులో మీరే చెప్పారు" అన్నాడు. అంతే అంతే అన్నాను నేను, జామ్ సీసా మళ్ళీ బ్యాగులో ఎటునుంచి దూర్చొచ్చా అని చూస్తూ. "పెద్దవాళ్ళు ఎప్పటికీ ఇవ్వకపోతే?" అంది బ్రీనా. "ఇవ్వకపోతే ముసలయ్యేదాకా మీరు మీరే. నన్ను చూడు" అన్నాడు లోవ్రో. ముగ్గురం నవ్వాం.

పెద్దవాళ్ళు ఎప్పటికీ ఇవ్వకపోతే. అంత చిన్నగా అడిగింది, మేజోళ్ళ వైపు చూస్తూ అడిగింది. కొండల గురించా అడిగింది? ఓరి దేవుడా. ఒక మేజోడు విప్పి మళ్ళీ చుట్టింది, విప్పి మళ్ళీ చుట్టింది, నేను చూశాను, చూసి ఎలా చుట్టాలో చెప్పబోయాను కూడా. ఆ పిల్ల నన్ను అడిగింది. అక్టోబరు నుంచీ అడుగుతోందేమో, పాలు తాగొచ్చా అని, కూర్చోవచ్చా అని, ఏది అడిగినా అదే అడుగుతోందేమో, ఇస్తావా అని. నేను హ్రీబర్ గారి మాట పట్టుకుని తను రావాలి తను రావాలి అని కూర్చున్నాను. తనేమో పెద్దవాళ్ళు ఇవ్వాలి కదా అని కూర్చుంది, పద్ధతిగా పెరిగిన పిల్ల, ఆ తల్లి ఎంత చితికిపోయినా పద్ధతి మాత్రం నేర్పింది. గుమ్మానికి అటొకరు ఇటొకరు నిలబడి ముందు మీరు, అబ్బే ముందు మీరు అంటూ ఏడాది గడిపేశాం. ఐదో క్లాసు పాఠం. నేనే చెప్పిన పాఠం. ఏటా చెప్పాను, ఇద్దరు పిల్లల్ని ముందుకు పిలిచి ఒకణ్ణి పెద్దవాడిగా నిలబెట్టి, చెయ్యి చాపరా, పేరు చెప్పరా అని ఆడించి మరీ చెప్పాను. మొదటిరోజు మీరు అన్నది నేను, తీసేయాల్సింది నేను, పైగా పిల్ల ఆగలేక ఇవాళ సగం తీసుకుంటే, చోరీ పట్టుకున్నట్టు పట్టుకుని దిద్దాను. ఇప్పుడే వెళ్తాను పైకి. తలుపు కొట్టి చెయ్యి చాపి చెప్పేస్తాను. చేతికి గ్రీజుంది, కడుక్కుని...

హారన్. వచ్చేశాడు, నాలుగన్నా కాకుండానే, చిన్నప్పుడు ఒక్కరోజూ బడికి వేళకి రానివాడు. మేడమెట్లు దిగుతోంది, బ్యాగు తనకంటే పెద్దగా ఉంది, టార్చి మెళ్ళో వేలాడుతోంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయా, తల దించుకుంది, తెలియడం లేదు. బూట్లు ఇచ్చాను. కూర్చుని తొడుక్కుంది. మోకాళ్ళమీద వంగి లేసులు నేనే బిగించాను, మడమ దగ్గర వేలుపెట్టి చూశాను. ఇప్పుడు చెప్పు స్లావ్కా, చెప్పు. "రొట్టె ముందు తినెయ్యాలి, పాడవుతుంది" అన్నాను. "అలాగేనండీ." "పొక్కొస్తే వెంటనే చెప్పాలి లోవ్రోకి." "చెప్తానండీ." లేచింది. చెయ్యి కోటుకి తుడుచుకుంది, ఏదో చేయబోయి మానేసినట్టు. "వెళ్ళొస్తాను స్లావ్కా గారూ. అన్నిటికీ మీకు చాలా థాంక్స్" అంది, ప్రతి అక్షరం సరిగ్గా, నూటికి నూరు. అన్నిటికీ ఏమిటి, అన్నిటికీ అని ఎవరంటారు వారం రోజులు వెళ్తూ. వీధి తలుపు మూసుకుంది. వ్యాను తలుపు జరిపిన చప్పుడైంది. గ్రీజు గుడ్డ ఇంకా నా చేతిలోనే ఉంది. ఇంజను రొద పెరిగింది, గులకరాళ్ళమీద చక్రాలు గరగరమన్నాయి, ఇక నేను ఏం ఆలోచించానో నాకే తెలీదు. ఒక చెప్పు గుమ్మంలో ఊడింది, ఇంకోటి తోటలో ఊడింది, గేటు దాటి వ్యాను పక్కన పరుగెత్తుతూ అరచేత్తో రేకుమీద బాదాను.

ఆగింది. లోవ్రో కిటికీలోంచి తల పెట్టి, "ఏంటి టీచర్ గారూ, ఇంకో జామ్ సీసానా?" అన్నాడు. నోర్ముయ్ అన్నాను. తలుపు జరిగింది. లోపల ఊళ్ళో పిల్లలందరి మొహాలు, మధ్యలో బ్రీనా, ఏదో చచ్చేంత తప్పు చేసినట్టు పాలిపోయి. చెయ్యి చాపాను. నల్లగా ఉంది, గోళ్ళదాకా గ్రీజే. "స్లావ్కా" అన్నాను. ఊపిరందలేదు, మళ్ళీ అన్నాను. "నేను స్లావ్కాని. నన్ను నువ్వు అను. మొదటిరోజే ఇవ్వాల్సింది, నువ్వు అడిగినా నాకు తెలిసి చావలేదు. నువ్వు... నన్ను... నువ్వు అను." వాక్యం ముక్కలైపోయింది, దిద్దే తీరిక లేదు. ఎవరో కిసుక్కుమన్నారు. బ్రీనా చెవులు ఎర్రబడ్డాయి, చుట్టూ చూసింది, నా చెయ్యి చూసింది, కిందికి చూసింది. తర్వాత పద్ధతి ప్రకారం చెయ్యి చాపి నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "బ్రీనా" అంది. మొదటిసారి కలిసినవాళ్ళలా నిలబడ్డాం ఇద్దరం.

"నువ్వేంటి, మేజోళ్ళతో వచ్చేశావా?" అంది. "తడి రాళ్ళమీద! అరికాళ్ళు తడిసిపోయాయి చూడు. జలుబు చేసి నువ్వు మంచమెక్కితే ఎవరు చూస్తారు నిన్ను? లోపలికెళ్ళు ముందు." వచ్చేశావు, నువ్వు, నిన్ను, ఎక్కడా తడబడలేదు. వెళ్తున్నాను వెళ్తున్నాను అన్నాను, అక్కడే నిలబడ్డాను. లోవ్రో ఈసారి ఏం జోకూ వేయలేదు, ముక్కు చీదుకుని గేరు వేశాడు. వ్యాను మలుపు తిరుగుతుంటే వెనక కిటికీ జరిగింది, టార్చితో సహా తల బయటికొచ్చింది. "సోమవారం కాఫీ పెట్టేసి బయటికి పోకు నువ్వు!" అని అరిచింది. "నా పక్కనే కూర్చో!" సరే అన్నాను. వినపడిందో లేదోనని ఇంకోసారి, ఊరంతా వినపడేలా, సరే అని అరిచాను.